ఫ్లెక్సీ నీడ

పాకాలలో రైల్వే స్టేషనుకు వెనక వీధిలో అబ్దుల్ సత్తార్ ఇల్లు. పడమటి ముఖం ఇల్లు కావడంతో మధ్యాహ్నం తిరిగిందంటే ఎండ నేరుగా వాకిట్లోకి వచ్చి కూర్చుంటుంది. అందుకే ఆ వాకిట్లో ఆయన భార్య వహీదున్నీసా పెంచినవన్నీ ఎండకు మొండికేసే రకాలే. కలబంద, బిళ్ళగన్నేరు, గోడ మీద ఒక కాగితం పూల తీగ.

సత్తార్‌కు బజార్లో రేకు పెట్టెల అంగడి ఉంది. పెళ్ళిళ్ళకు పెట్టెలు కొనే కాలం పోయింది కాబట్టి ఇప్పుడు ఎక్కువగా బియ్యం డబ్బాలు, వాననీటి గొట్టాలు చేస్తాడు. పగలంతా సుత్తి మోతలో ఉండే మనిషి గనుక ఇంటికి వస్తే ఎవరూ మాట్లాడకుండా ఉంటే బాగుండునని ఆయనకు ఉంటుంది. అది ఆ ఇంట్లో జరిగే పని కాదు. మొగుడూ పెళ్ళాలిద్దరూ ఉర్దూ, తెలుగు కలిపి మాట్లాడుకుంటారు. కోపం వస్తే మాత్రం వహీదున్నీసా పూర్తిగా తెలుగులోకి దిగుతుంది, వీధికి కూడా అర్థం కావాలని.

ఒకసారి ఇద్దరూ తిరుపతిలో వహీదున్నీసా చెల్లెలి ఇంటికి పోయి స్కూటర్ మీద తిరిగి వస్తున్నారు. చంద్రగిరి దాటినాక రోడ్డు పక్కన ఒక నర్సరీ కనబడింది. నీళ్ళు తాగుదామని ఆపిన సత్తార్, సీసా మూత పెట్టేలోపే భార్య లోపలికి పోయి ఒక చెట్టు ముందర నిలబడి ఉంది. నడుము ఎత్తు పొద. ఎర్రటి సన్నని కొమ్మలు. కరివేపాకంత ఆకులు. ఒక్కో ఆకు మీద తెలుపు, గులాబి, ఆకుపచ్చ చిందర వందరగా కలిసి, సున్నం కొట్టేవాడు రంగుల బ్రష్షు విదిలించినట్టు ఉన్నాయి.

"స్నో బుష్ అంటారమ్మా దీన్ని," అన్నాడు నర్సరీ మనిషి. "పూలకు ఆశపడొద్దు. దీనికి ఆకులే పూలు."

"ఎండకు తట్టుకుంటాదా?"

"సగం నీడ కావల్ల. పొద్దున ఎండ తగలల్ల, మద్యాన్నం నీడ పడల్ల. మొత్తం ఎండలో పెడితే మాడిపోతాది. మొత్తం నీడలో పెడితే రంగు పోయి ఉత్త పచ్చాకు అయిపోతాది."

"మన ఇంట్లో సగం నీడ యాడుండాది?" అన్నాడు సత్తార్.

"ఎదుకుదాం," అంది వహీదున్నీసా. అప్పటికే కుండీ ఆమె చంకలో ఉంది.

మరుసటి రోజు మధ్యాహ్నం భోజనానికి వచ్చిన సత్తార్‌కు భార్య మెట్ల మీద కూర్చుని నేలకేసి చూస్తూ కనిపించింది.

"ఏం పోయింది?"

"ఏం పోలేదు. నీడ యాడ పడతాదో సూస్తాండా."

గేటు పక్క మూలలో ఆమె అనుకున్నది దొరికింది. ఇంటి పక్కనున్న సందులోంచి పొద్దుటి ఎండ ఆ మూలకు సోకుతుంది. మధ్యాహ్నం తిరిగినాక మాత్రం అక్కడొక పెద్ద నీడ పరుచుకుంటుంది. ఆ నీడలో కూడా అక్కడక్కడా రూపాయి బిళ్ళల్లాగా ఎండ చుక్కలు. ఆమె ఇంక ఆలోచించకుండా గుంత తవ్వి చెట్టు నాటేసింది. ఆ నీడ ఎవరిదని తలెత్తి చూసింది సత్తారే.

వీధికి అవతల ఖాళీ స్థలంలో సవుకు కట్టెలు పాతి ఒక పెద్ద ఫ్లెక్సీ కట్టి ఉంది. వార్డులో చిన్నపాటి నాయకుడు మునిప్రసాద్‌కు పుట్టినరోజు శుభాకాంక్షలు చెబుతూ ఆయన మనుషులు కట్టినది. తెల్ల చొక్కాలో మునిప్రసాద్ సెల్‌ఫోన్ చెవికి పెట్టుకుని, చాలా దూరంలో జరుగుతున్న దేన్నో గమనిస్తున్నట్టు నిలబడి ఉన్నాడు. గాలికి చినిగిపోకుండా గుడ్డ మీద అక్కడక్కడా అర్ధచంద్రాకారంలో కంతలు కోసి ఉన్నారు. ఎండ చుక్కలు ఆ కంతల్లోంచి వస్తున్నాయి.

"వహీదా, ఇది మునిప్రసాద్ ఫ్లెక్సీ నీడ," అన్నాడు సత్తార్.

"ఎవరిదైతే ఏం? నీడ మంచిదే," అంది ఆమె.

నిజంగానే మంచి నీడ. ఎండలు ముదిరేసరికి వీధిలో మిగతా చెట్లన్నీ తలలు వాల్చేస్తే, ఆ పొద మాత్రం గులాబిరంగుతో కళకళలాడింది. పక్కింటి గురవమ్మ ఒకరోజు ఎనుముకు గడ్డి వేసి వస్తూ ఆగి, ఒక ఆకును రెండు వేళ్ళతో గట్టిగా రుద్ది, వేళ్ళకు రంగు అంటిందేమోనని చూసుకుంది.

"రంగేసినావనుకున్నా అక్కా. నిజం ఆకే."

ఆ తర్వాత రుద్ది చూసే వాళ్ళు ఎక్కువయ్యారు. స్టేషనుకు పోయే దారిలో జనం గేటు దగ్గర ఆగి ఒక ఆకు రుద్ది పోవడం అలవాటు చేసుకున్నారు. వహీదున్నీసా పైకి విసుక్కుంటూ లోపల మురిసిపోయింది.

అంతలో పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. కోడ్ పడిందని పంచాయతీ వాళ్ళు ఊళ్ళో ఉన్న ఫ్లెక్సీలన్నీ పీకేశారు. మునిప్రసాద్ వార్డు మెంబరుగా నిలబడి యోగానంద చేతిలో ఓడిపోయాడు. ఓడినాక ఇంట్లోంచి బయటికి రావడం మానేశాడు. ఫ్లెక్సీ కట్టే ఉత్సాహం ఆయన మనుషులకు కూడా లేకుండా పోయింది. సవుకు కట్టెలు మాత్రం ఉత్తగా నిలబడి ఉన్నాయి.

నీడ పోయిన నాలుగు రోజులకే చెట్టు ఆకుల అంచులు పెనం మీద మరిచిన దోసెలాగా మాడాయి.

"అజీ, ఏదైనా చేయండి," అంది వహీదున్నీసా. ఇంకా ఉర్దూ కలిసే ఉంది కాబట్టి సత్తార్ తొందరపడలేదు. రెండో రోజు పూర్తి తెలుగు వినబడింది. ఆయన అంగడి నుంచి ఒక రేకు తెచ్చి చెట్టుకు పడమటి పక్క నిలబెట్టాడు. సాయంత్రానికి రేకు పెనంలా కాలి, అటు పక్క ఆకులు పూర్తిగా వేగిపోయాయి. తర్వాత కట్టెకు గొడుగు కట్టాడు. ఆషాఢం గాలి దాన్ని ఎత్తుకుపోయి గురవమ్మ ఎనుము కొమ్ములకు తగిలించింది. ఎనుము బెదిరి వీధి చివరిదాకా గొడుగుతో పరిగెత్తింది.

ఇక లాభం లేదని సత్తార్ నాలుగు కట్టెలు పాతి, ఇంట్లో ఉన్న పాత ఆకుపచ్చ గుడ్డను చక్కగా పందిరి వేసి కట్టాడు. చూడడానికి కూడా బాగుంది. మరునాడు పొద్దున వహీదున్నీసా గేటు తీస్తే చెట్టు మొదట్లో రెండు అగరొత్తులు వెలుగుతున్నాయి. ఎవరో ఒక కొబ్బరికాయ కూడా పెట్టి పోయారు. దారిన పోయే ముసలాయన ఒకడు చెప్పులు విప్పి నిలబడి, "ఈడ ఏ బాబా ఉండాడమ్మా?" అని అడిగాడు.

సత్తార్ టీ కూడా తాగకుండా ఆ పందిరి విప్పేశాడు. "ఇంకో వారం ఉంచితే ఉరుసు చేస్తారు," అన్నాడు.

ఆ సాయంత్రం వహీదున్నీసా తేల్చి చెప్పింది. "ఇవన్నీ కాదు. దానికి ఆ ఫ్లెక్సీ నీడే కావల్ల. పోయి మునిప్రసాద్‌ను అడగండి."

"ఏమని అడగల్ల? ఓడిపోయి బాధలో ఉండే మనిషి దగ్గరికి పోయి, అన్నా, మా చెట్టుకు ఎండ తగలతా ఉండాది, నీ బొమ్మ కట్టు అని చెప్పేదా?"

"ఏమన్నా చెప్పండి. చెట్టు మాట ఎత్తకుండా చెప్పండి."

సత్తార్ పోయాడు. మునిప్రసాద్ ఇంటి వరండాలో ఒకప్పుడు జనం కూర్చునే ప్లాస్టిక్ కుర్చీలన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కించి మూలన పెట్టి ఉన్నాయి. మునిప్రసాద్ బనీను మీద ఉన్నాడు. ఫ్లెక్సీలో కంటే మనిషి చిన్నగా కనబడ్డాడు. సత్తార్‌కు ఆయనే ఒక కుర్చీ విడదీసి వేశాడు.

"ఏం భాయ్, ఇట్ల వచ్చినావు? మా ఇంటికి మనుషులొచ్చి ఎన్నాళ్ళయిందో."

సత్తార్‌కు అబద్ధం చెప్పడం చేతకాదు. నిజం చెప్పడానికి నోరు రాలేదు. కాసేపు కుర్చీ అంచు గోకాడు.

"ఏం లేదన్నా. మా ఇంటి ఎదురుగా నీ ఫ్లెక్సీ ఉండె గదా. అది పోయినప్పట్నుంచి మా ఇంట్లో శాంతి లేదు."

మునిప్రసాద్ ముందుకు వంగాడు. "అదేంది భాయ్?"

"మా ఆడమనిషి అయితే ఆ పక్క సూసి రోజూ బాధపడతా ఉండాది. అది ఉన్నన్నాళ్ళూ మాకు ఎంత నీడగా ఉండె అన్నా. మళ్ళీ కట్టిస్తే బాగుంటాది."

ఇందులో ఒక్క ముక్క కూడా అబద్ధం కాదు. అయినా మునిప్రసాద్ కళ్ళలో నీళ్ళు తిరగడం చూసి సత్తార్‌కు తను ఏదో తప్పు చేస్తున్నట్టు అనిపించింది.

"చూసినావా," అన్నాడు మునిప్రసాద్ లోపలున్న భార్య వైపు తిరిగి. "ఓట్లు రాలే అంటే మనుషులు లేరని కాదు." తర్వాత సత్తార్ చేయి పట్టుకుని, "నువ్వు పో భాయ్. నేను చూసుకుంటా," అన్నాడు.

ఆయన చూసుకోవడం ఆ వారంలోనే జరిగింది. ఆటోలో ఫ్లెక్సీ వచ్చింది. పాత దానికి రెండింతలు. పాత కట్టెలు చాలక కొత్తవి పాతారు. సెల్‌ఫోన్‌తో మునిప్రసాద్ ఈసారి వీధి దీపం ఎత్తున నిలబడ్డాడు. "ఓడినా మీ వెంటే" అని రాసి ఉంది. కింద మూలలో గుండ్రటి బొమ్మలో అబ్దుల్ సత్తార్, ఎన్నడో పెళ్ళిలో తీసిన ఫోటోలోంచి, కళ్ళు సగం మూసుకుని ఉన్నాడు. పక్కన "మీ అభిమాని, రేకు పెట్టెల సత్తార్ భాయ్" అని అక్షరాలు.

సత్తార్ వీధిలో నిలబడి చాలాసేపు తన బొమ్మ చూసుకున్నాడు.

"నాకు చెప్పకుండా నాయకుడైపోయినారే," అంది వహీదున్నీసా.

మర్నాటి నుంచి అంగడిలో పని సాగలేదు. డబ్బాకు మూత చేయించుకోడానికి వచ్చిన వాళ్ళు కాలువ తీయించమని, వీధి దీపం వేయించమని చెప్పడం మొదలుపెట్టారు. రేషన్ కార్డులో పేరు మార్పించమని ఒక ముసలామె వచ్చి, ఆయన సుత్తి దింపేదాకా కదలకుండా కూర్చుంది. "నేనేం చేయలేనమ్మా" అని సత్తార్ అంటే, "ఫ్లెక్సీలో ఉండేవాళ్ళందరూ అట్లనే అంటారు" అని కోప్పడింది.

అదంతా సహించుకోవచ్చు, చెట్టు బాగుపడితే. చెట్టు మాడడం ఆగింది గానీ, కొత్త చిక్కు వచ్చింది. ఈ ఫ్లెక్సీ మందం గుడ్డ. మంచి చోట అచ్చు వేయించాను, కంతలు అక్కరలేదు అని మునిప్రసాద్ గొప్పగా చెప్పుకున్నాడు. మధ్యాహ్నం తిరిగితే వాకిలంతా ముసురు పట్టినట్టు చీకటి. కొత్తగా వచ్చిన ఆకుల్లో గులాబి లేదు, తెలుపు లేదు. వానలు మొదలయ్యేసరికి చెట్టు మొత్తం ఆకుపచ్చగా, పక్కనే పెరిగిన పిచ్చి మొక్కల్లో కలిసిపోయింది. గురవమ్మ ఒకరోజు ఎనుముకని కొడవలితో కలుపు కోస్తూ దాని కొమ్మ మీద కూడా చేయి వేసింది. వహీదున్నీసా పెట్టిన కేకకు కొడవలి అక్కడే పడేసింది.

"కంతలు కోయల్ల," అంది వహీదున్నీసా ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ.

"ఎవరు కోసేది?"

ఆమె ఆయన రేకు కత్తెర వైపు చూసింది.

ఆదివారం మధ్యాహ్నం, వీధి భోంచేసి పడుకునే వేళ, సత్తార్ నిచ్చెన వేసుకుని ఫ్లెక్సీ ఎక్కాడు. కింద వహీదున్నీసా చెట్టు దగ్గర నిలబడి ఎండ ఎక్కడ పడాలో చేత్తో చూపిస్తోంది.

"కొంచెం ఎడమ పక్కకు. ఇంకా పైకి. ఆడ, ఆడ కోయండి."

"ఆడ మునిప్రసాదన్న ముక్కుండాది, వహీదా."

"అయితే చెవి దగ్గర?"

"చెవి దగ్గర ఫోనుండాది."

సత్తార్ మర్యాద తెలిసిన మనిషి. ఒకరి ముఖం మీద కత్తెర పెట్టడానికి చేయి రాలేదు. మొదట ఎవరికీ నొప్పి కలగని చోట కోద్దామని, కిందికి దిగి తన బొమ్మ గుండ్రంగా కోసి తీసేశాడు. అక్షరాల మధ్య రెండు కోశాడు. తర్వాత పైకెక్కి మునిప్రసాద్ చొక్కా మీద, బొత్తాలకు పక్కగా, వరసగా నాలుగు అర్ధచంద్రాలు కోస్తున్నాడు.

అప్పుడే కొత్త వార్డు మెంబరు యోగానంద బుల్లెట్ బండి మీద అటు వచ్చాడు. బండి ఆపి, పైన కత్తెరతో సత్తార్‌ను, సత్తార్ బొమ్మ పోయి మిగిలిన కంతను, చిల్లులు పడిన మునిప్రసాద్ రొమ్మును ఒకదాని తర్వాత ఒకటి చూశాడు. ముఖం వెలిగిపోయింది.

"శభాష్ భాయ్. ఇప్పటికైనా కళ్ళు తెరిచినావు. ఆయన దగ్గర ఏముండాది? దిగిరా. మన పక్కకు వచ్చేయి."

"అదేం లేదన్నా," అన్నాడు సత్తార్ నిచ్చెన మీదనే.

"మొగమాటపడొద్దు. రేపే ఈ సందు మొగదల నాదొకటి పెద్దది కట్టిస్తా. నీ బొమ్మ పైన, నా పక్కనే వేయిస్తా."

సత్తార్‌కు సందు అన్న మాట ఒక్కటే వినబడింది.

"సందులో మాత్రం వద్దన్నా. పొద్దుటి ఎండ ఆడనుంచే రావల్ల. అది గూడా పోతే చెట్టు చచ్చిపోతాది."

"ఏ చెట్టు?"

అప్పటికి పడుకున్న వాళ్ళు కూడా లేచి గడపల్లోకి వచ్చారు. దాచి లాభం లేదు. వహీదున్నీసా గేటు దగ్గర నుంచి చెట్టును చూపించి, సగం నీడ సంగతి మొదటి నుంచి చెప్పింది. యోగానంద మొదట అర్థం కాక విన్నాడు. అర్థమైనాక బండి మీద కూర్చోలేకపోయాడు, అంత నవ్వాడు. సాయంత్రానికి బజారంతా తెలిసింది. మునిప్రసాద్‌ను ఊళ్ళో తలుచుకున్నది ఒక చెట్టు మాత్రమేనని, దానికి కూడా ఓటు లేదని జనం చెప్పుకుని నవ్వారు.

సత్తార్ ఆ రాత్రి అన్నం తినలేదు. "ఆయన కళ్ళలో నీళ్ళు నేను సూసినా వహీదా," అన్నాడు. వహీదున్నీసా అన్నం తట్ట ముందుకు జరిపి, "నేనూ వస్తా. రేపు పోయి ఇద్దరం చెప్పుకుందాం," అంది. పొద్దున పోయారు గానీ మునిప్రసాద్ తలుపు తీయలేదు. లోపల టీవీ మోత ఉన్నట్టుండి ఆగిపోవడం మాత్రం ఇద్దరికీ వినబడింది.

ఫ్లెక్సీని ఆయన పీకించలేదు. పీకిస్తే నవ్వేవాళ్ళకు ఇంకొక మాట దొరుకుతుందని కావచ్చు. చొక్కాకు చిల్లులతో అది అలాగే నిలబడింది. ఆ చిల్లుల్లోంచి మళ్ళీ ఎండ చుక్కలు పడ్డాయి. కార్తీకానికి కొత్త ఆకుల్లో తెలుపు వచ్చింది, తర్వాత అంచులకు గులాబి పాకింది. వహీదున్నీసా రోజూ సంతోషపడుతూ, ఎదురుగా ఉన్న మునిప్రసాద్ బొమ్మను చూసినప్పుడల్లా చూపు దించుకునేది.

తర్వాత చలి మొదలైంది. ఒకరోజు పొద్దున చెట్టు కింద నాలుగు ఆకులు రాలి ఉన్నాయి. మరునాడు గుప్పెడు. వారం తిరిగేసరికి కింద గులాబి పరుపు, పైన ఎర్రటి ఉత్త పుల్లలు. వహీదున్నీసా నీళ్ళు ఎక్కువ పోసింది, తర్వాత తక్కువ పోసింది. వేపపిండి వేసింది. ఆకు లేదు.

"దిష్టి అక్కా," అంది గురవమ్మ. "అంతమంది రుద్ది రుద్ది సూస్తిరి గదా. ఇంకా ఆకు యాడుంటాది?"

సరిగ్గా ఆ పొద్దునే మునిప్రసాద్ వచ్చాడు. ఇన్నాళ్ళు మనసులో ఉడికి ఉడికి, తన పరువు తీసిన ఆ చెట్టు ఎంత అందమైనదో ఒక్కసారి కళ్ళారా చూద్దామని వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. గేటు దగ్గర నిలబడి వాకిలంతా వెదికాడు.

"ఏదక్కా ఆ చెట్టు?"

వహీదున్నీసా చేత్తో చూపించింది. మునిప్రసాద్ ఆ పుల్లల కట్టను చూశాడు. తర్వాత వెనక్కి తిరిగి అంతెత్తున ఉన్న తన బొమ్మను చూశాడు. మళ్ళీ పుల్లలను చూశాడు.

"దీనికా?"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. తిట్టడానికి తయారై వచ్చిన మనిషి తికమకపడ్డాడు. ఆడమనిషి ఏడుస్తుంటే ఏం చేయాలో తెలియక, వంగి రాలిన ఆకు ఒకటి తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు. వేలితో రుద్దాడు కూడా.

"బాగనే ఉండినట్టుంది," అన్నాడు నెమ్మదిగా.

"నీకు చెప్పకుండా తప్పు చేసినాము నాయనా. ఆ పాపమే తగిలినట్టుంది. ఈపొద్దు పీకేస్తా. నీ ఫ్లెక్సీ నువ్వు తీసుకుపో."

మునిప్రసాద్ ఉలిక్కిపడ్డాడు. గోడ మీదుగా గురవమ్మ, అవతలి ఇంటి గడపలో ఇద్దరు, స్టేషనుకు పోతూ ఆగిన ఒకడు, అందరూ చూస్తున్నారు. ఇది బజారుకు చేరితే ఏమవుతుందో ఆయనకు కళ్ళముందు కనబడింది.

"పీకొద్దక్కా. నీకు దండం పెడతా, పీకొద్దు. పీకితే ఏమంటారు? మునిప్రసాద్ నీడ పడి పచ్చని చెట్టు చచ్చిపోయిందంటారు. నేను ఈ ఊళ్ళో మళ్ళీ నిలబడేది యాడ?"

ఏడుపు విని లోపల్నించి వచ్చిన సత్తార్, చెట్టు కొన్నప్పుడు తీసుకున్న నర్సరీ వాడి నంబరు ఫోన్లో వెదికి ఇచ్చాడు. మునిప్రసాద్ గొంతు సవరించుకుని, ఫ్లెక్సీలో ఉన్నట్టే నిలబడి, ఫోన్ చెవికి పెట్టుకున్నాడు.

"నేను పాకాల మునిప్రసాద్ మాట్లాడతాండా. మీ దగ్గర కొన్న చెట్టు ఆకంతా రాలిపోయింది. దీనికి సమాధానం చెప్పల్ల."

అవతలి వాడు పెద్దగా కంగారుపడలేదు. "చలికి ఆకు రాలుస్తాది సార్. ఎండలు రాంగానే మళ్ళీ వేస్తాది. గోరుతో కొమ్మ మీద గీకి సూడండి, లోపల పచ్చగుంటే బతికున్నట్టే."

"ఆ మాట కొనేటప్పుడు ఎందుకు చెప్పలేదు?"

"వాళ్ళు నీడ గురించి అడిగినారు, నీడ గురించి చెప్పినా. ఆకు రాలతాదా అని అడగలేదు సార్."

మునిప్రసాద్ ఫోన్ పెట్టేసి, మోకాళ్ళ మీద కూర్చుని గోరుతో కొమ్మ గీకాడు. ముగ్గురూ తలలు వంచి చూశారు. లోపల సన్నగా, తడిగా పచ్చదనం.

ఆ రోజు నుంచి మునిప్రసాద్‌కు అదొక వ్యాపకమైంది. పొద్దున్నే వచ్చి గేటు పక్కన కుర్చీ వేసుకుని చెట్టు ముందర కూర్చునేవాడు. మొదటి వారం గీకిందే గీకి నాలుగు కొమ్మలకు గాట్లు పెట్టాడు. వహీదున్నీసా చేయి మీద కొట్టినంత పని చేసి, "గోర్లు దూరంగా పెట్టుకో నాయనా," అంది. ఒకరోజు మజ్జిగ పోస్తానని చెంబుతో వచ్చాడు. ఇంకోరోజు కోడి ఎరువు సంచితో వచ్చాడు. రెండూ ఆమె గేటు బయటే ఆపేసింది. టీ మాత్రం ఇచ్చేది. అంగడికి పోయే ముందు సత్తార్ కూడా ఆయన పక్కన ఇంకో కుర్చీలో కాసేపు కూర్చునేవాడు. ఇద్దరూ పుల్లలకేసి చూస్తూ మౌనంగా టీ తాగేవారు. సత్తార్‌కు జీవితంలో దొరికిన మంచి సావాసం అదే అనిపించింది.

గేటు దగ్గర కూర్చునే మనిషికి వీధి కాలువ వాసన తప్పదు. భరించలేక మునిప్రసాద్ పంచాయతీ ఆఫీసుకు నాలుగుసార్లు తిరిగి కాలువ తీయించాడు. పొద్దున్నే చీకట్లో వచ్చి రాయి తట్టుకుని పడ్డాడని వీధి దీపం వేయించాడు. రేషన్ కార్డు ముసలామె ఇక సత్తార్ అంగడికి పోకుండా నేరుగా ఇక్కడికే వచ్చి, చెట్టుకు అటు పక్క కూర్చునేది. ఆమెను పంపించడానికి దారి లేక ఆయన ఆమె పని కూడా చేసిపెట్టాడు. యోగానంద బుల్లెట్ మీద ఆ దారిన పోతూ వేగం తగ్గించి చూసి, ఇప్పుడు నవ్వకుండా పోయేవాడు.

ఎండ కొంచెం చురుక్కుమనే రోజుల్లో ఒక పొద్దున మునిప్రసాద్ వీధంతా వినబడేలా పిలిచాడు. "అక్కా. భాయ్. ఇట్ల రండి."

కొమ్మ చివర గోరంత మొలక. మొదట అది ఎర్రగా ఉందో గులాబిగా ఉందో తేలలేదు. సత్తార్ కళ్ళద్దాలు తెచ్చుకున్నాడు. గురవమ్మ గోడ ఎక్కింది. పది రోజుల్లో కొమ్మ కొమ్మకూ మొలకలు విచ్చుకుని, చెట్టు మళ్ళీ తెలుపు, గులాబి చల్లుకుని నిలబడింది, పోయిన ఏడాది కంటే ఒత్తుగా. వహీదున్నీసా సేమ్యా పాయసం చేసి వీధంతా పంచింది.

పాయసం గిన్నె ఖాళీ చేసి మునిప్రసాద్ కొంచెం మొహమాటంగా అడిగాడు. "అక్కా, ఆ ఫ్లెక్సీ ఎండకు ఎలిసిపోయింది. కొత్తది కట్టిద్దామనుకుంటాండా. ఈసారి నీ మాట అడిగే కట్టిస్తా. బొమ్మ ఎట్లుంటే బాగుంటాది?"

"బొమ్మ ఎవరిదైనా పర్లేదు నాయనా. కంతలు మాత్రం నేను చెప్పిన చోట ఉండల్ల."

మునిప్రసాద్ తలూపాడు. గొంతు తగ్గించి ఇంకొకటి అడిగాడు. తమ ఇంటి వెనకాల బావి గోడ పక్కన కొంచెం సగం నీడ పడుతుందట. చాలా రోజుల నుంచి చూసుకున్నాడట. ఒక కొమ్మ ఇస్తే నాటుకుంటాడు.

వహీదున్నీసా ఎవరికీ కొమ్మ ఇవ్వని మనిషి. గురవమ్మ అడిగి అడిగి వదిలేసింది. ఆమె చెట్టు చుట్టూ రెండుసార్లు తిరిగి, మంచి కొమ్మ ఒకటి ఎంచి, కోసి, మొదలు చుట్టూ తడిబట్ట చుట్టి మునిప్రసాద్ చేతుల్లో పెట్టింది.

"రెండు చేతులతో పట్టుకో. గాలి తగలనీయొద్దు."

సత్తార్ స్కూటర్ తీశాడు. వెనక మునిప్రసాద్ కొమ్మను పసిబిడ్డలాగా రొమ్ముకు ఆనించుకుని కూర్చున్నాడు. బజారు మీదుగా పోతుంటే అంగళ్ళలోంచి జనం లేచి దండాలు పెట్టారు. చేతులు ఖాళీ లేక ఆయన తల మాత్రం అటొకసారి ఇటొకసారి ఊపుతూ, ప్రతి గుంత దగ్గరా సత్తార్ చెవిలో "మెల్లిగా భాయ్, మెల్లిగా" అంటూనే ఉన్నాడు.